ముఖమెరుగని స్నేహం, సాక్షి లేని స్నేహం: తొర్రూరు నుండి ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అంతర్జాలంలో ఏర్పడే స్నేహాలను గూర్చి మన సంఘాలలో వినిపించే ప్రసంగాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ముఖం చూడకుండా చేసుకునే స్నేహం స్నేహమే కాదని, అది వట్టి మాయ అని, యౌవనస్థులు ఫోను పక్కనబెట్టి ఎదుటనున్న మనుషులతో మాట్లాడాలని బోధకులు హెచ్చరిస్తారు. ఈ హెచ్చరికలో శ్రద్ధ ఉంది, అనుభవమూ ఉంది. అయితే దాని వెనుక ఒక వేదాంత ప్రతిపాదన కూడా దాగి ఉంది. దగ్గరగా ఉండడమే స్నేహానికి ప్రమాణమని, దూరమే దానికి లోపమని ఆ ప్రతిపాదన సారాంశం. దీనిని ఈ వ్యాసంలో మేము విమర్శకు పెడుతున్నాము.

ఇందుకు మూడు ఆధారాలను వరుసగా పరిశీలిస్తాము. మొదటిది, డోర్నకల్ బిషప్ అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో చేసిన ప్రసంగం. రెండవది, కొత్త నిబంధనలోని పత్రికలు. మూడవది, 1996లో తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చిన ‘ప్రేమలేఖ’ చలనచిత్రం. ఈ మూడింటి వెలుగులో మేము చెప్పదలచినది ఒక్కటే. స్నేహాన్ని చెడగొట్టేది దూరం కాదు, సాక్షి లేకపోవడం. సాక్షిగా నిలువవలసిన సంఘమే యౌవనస్థులను భయపెట్టి ఆ సాక్షిని తొలగిస్తున్నదేమో మనం ఆలోచించవలసి ఉన్నది.

2. తొర్రూరు నేపథ్యం

వరంగల్ నుండి ఖమ్మం వెళ్లే రహదారిపైనున్న తొర్రూరు 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఆనాడు కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరి రెవెన్యూ డివిజను కేంద్రమైంది. 2018లో పురపాలక సంఘమైంది. జిల్లా మారడానికి నెల రోజుల ముందే, అదే ఏడు సెప్టెంబరు 5న, జియో సేవలు దేశమంతటా ప్రారంభమయ్యాయి. అంతకుముందు చాలామందికి నెట్ సెంటరుకు వెళ్లి గంటకింత అని చెల్లిస్తే తప్ప దొరకని అంతర్జాలం, పొలం గట్టు మీద కూర్చున్నవాని చేతికి కూడా వచ్చింది. ఊరి చిరునామాలో జిల్లా పేరు మారిన కాలంలోనే ఊరివారి పరిచయాల హద్దులు కూడా మారిపోయాయన్నమాట.

మన పల్లెలలో కొత్త మనిషిని మొదట అడిగే ప్రశ్న తెలిసినదే. “ఏ ఊరు బిడ్డా? ఎవరి కొడుకువు?” జవాబు వచ్చాక ఎవరో ఒకరి పేరు దొరుకుతుంది. “అట్లనా, మీ నాయన నాకు తెల్సు” అంటారు. అంతటితో వరుస కలుస్తుంది. ఆ క్షణం నుండి అతడు అన్నో, బావో, అల్లుడో అవుతాడు. దీనిని మనం ‘వరుస కలుపుకోవడం’ అంటాము. ఇందులో గమనించవలసినది ఏమంటే, ఇద్దరి మధ్య స్నేహం మొదలుకావడానికి మూడవ మనిషి పేరు అవసరమవుతున్నది. ఆ మూడవవాడు అక్కడ లేకపోయినా అతడే సాక్షి.

ఫోనులో వచ్చే పరిచయానికి ఈ ప్రశ్న లేదు. ఫొటో, పేరు, ఒక పలకరింపు, అంతే. ఫేస్‌బుక్ ఒక ఖాతాకు 5,000 మంది స్నేహితుల వరకు హద్దు పెట్టింది. అంతమందిలో ఎవరి నాయన ఎవరో ఎవరికి తెలుసు? ఈ తేడాను ముందుగా గుర్తుంచుకుని ఆధారాలలోకి వెళ్దాము.

3. దగ్గర ఉండీ స్నేహం లేనితనం: అజరయ్య ప్రసంగం

తొర్రూరు నేడున్న జిల్లాలోనే డోర్నకల్ ఉన్నది. 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పని మీద 1909లో డోర్నకల్ వచ్చారు. ఆయన మాతృభాష తమిళం. ఇక్కడి ప్రజల కోసం తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న మరణించేవరకు డోర్నకల్ అధ్యక్ష మండలాన్ని నడిపించారు.

బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910 జూన్‌లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. వెయ్యికి పైగా ప్రతినిధులున్న ఆ సభలో ఆసియా సంఘాలకు చెందినవారు చాలా కొద్దిమంది. విదేశీ మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్యనున్న సంబంధం ఆయన ప్రసంగాంశం. ఒకే ఆవరణలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నా వారి మధ్య అంటీముట్టనితనం ఉన్నదని, మనసు విప్పి కలిసిమెలిసి ఉండడం కొరవడిందని ఆయన మొగమాటం లేకుండా చెప్పారు. చివరికి, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయాన్ని తలపించే మాటలతో, మిషనరీలు చేసిన త్యాగాలను గుర్తించి, వాటికి మించి తమకు కావలసినది ప్రేమయని, స్నేహితులే కావాలని అడిగారు.

ఈ ప్రసంగాన్ని మనం సాధారణంగా జాతి సమానత్వానికి సంబంధించినదిగా చదువుతాము. ఆ చదువు సరియైనదే. అయితే మన అంశానికి దీనిలో మరొక సంగతి ముఖ్యం. అజరయ్య ఫిర్యాదు చేసిన సంబంధంలో దూరం లేదు. వారు ఒకరి ముఖం ఒకరు ప్రతిదినం చూస్తూనే ఉన్నారు. ఒకే గుడిలో మోకరించారు. అయినా స్నేహం లేదు. ఒకరు ఆజ్ఞాపించేవారు, మరొకరు లెక్క అప్పజెప్పేవారు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు దాసునికి, స్నేహితునికి చెప్పిన తేడాయే ఇక్కడ కనబడుతుంది. తెలిసిన సంగతిని దాచుకొనక పంచుకునేవాడు స్నేహితుడు. తెలియనివ్వక పని చేయించుకునేవాడు యజమాని.

కాబట్టి ‘ఎదుట ఉంటే చాలు, స్నేహం అదే వస్తుంది’ అనే వాదనకు డోర్నకల్ నుండే జవాబు ఉన్నది. పక్కపక్కనే కూర్చున్నవారి మధ్య సముద్రమంత దూరం ఉండవచ్చును. ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుని, సోమవారం నాడు ఒకరి ఇంటి గడప ఒకరు తొక్కని విశ్వాసులు మన సంఘాలలో నేడు లేరా?

4. దూరాన ఉండీ నిలిచిన స్నేహం: పత్రికలు

అజరయ్య మాటలు సగం వాదాన్ని రుజువు చేస్తాయి. సామీప్యం స్నేహానికి చాలదని చెబుతాయి. దూరం స్నేహానికి అడ్డు కాదని చెప్పడానికి కొత్త నిబంధన పత్రికల వద్దకు వెళ్లవలసి ఉన్నది.

పౌలు రోమా సంఘానికి వ్రాసేనాటికి ఇంకా రోమాకు వెళ్లలేదు. అయినా 16వ అధ్యాయంలో 20కి పైగా వ్యక్తులను పేరుపేరునా పలకరించాడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో తన ముఖం చూడనివారి కొరకు తాను పడుతున్న పోరాటాన్ని తెలియజేశాడు (2:1). ముఖం చూడని స్నేహం మాయ అయితే మన లేఖనాలలో ఒక పెద్ద భాగం మాయ మీదనే నిలిచినట్టవుతుంది. ఆ మాట అనడానికి ఎవరూ సాహసించరు.

అయితే ఆ దూరాన్ని దాటించినది కేవలం సిరా, కాగితమూ కావు. రోమా ప్రభుత్వపు టపా రాజకార్యాలకే పరిమితం. సామాన్యులు ప్రయాణికుల చేతనే ఉత్తరాలు పంపుకోవాలి. రోమీయులకు వ్రాసిన పత్రికను కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే తీసుకువెళ్లినదని వ్యాఖ్యాతలు సాధారణంగా భావిస్తారు. కొలొస్సయికి తుకికు, ఒనేసిము వెళ్లారు. పౌలు సంగతులన్నీ వారు నోట చెబుతారని పత్రికలోనే ఉన్నది (4:7-9). ఫిలిప్పీ నుండి సహాయం తెచ్చిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడి లేచి, తిరిగి వెళ్లాడు (2:25-30). ఉత్తరం అందుకున్నవారు ఉత్తరాన్ని మాత్రమే నమ్మలేదు. తెచ్చినవారిని ఎదుట కూర్చోబెట్టుకుని ప్రశ్నించగలిగారు. ‘ఆయన నిజంగా చెరసాలలో ఉన్నాడా? ఆరోగ్యం ఎట్లున్నది?’ అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నాడు.

ఆనాడు కూడా దొంగ ఉత్తరాలుండెను. తమ పేరిట వచ్చినట్టు కనబడే పత్రిక చూచి కలత చెందవద్దని థెస్సలొనీకయులకు పౌలు హెచ్చరిక చేశాడు (2 థెస్స 2:2). అదే పత్రిక చివర తన చేవ్రాతను గుర్తుగా ఉంచాడు (3:17). నేటి దొంగ ఖాతాల సమస్య ఆది సంఘానికి కొత్త కాదన్నమాట. ఆ సమస్యకు పౌలు చెప్పిన పరిష్కారం గమనార్హం. ఉత్తరాలు మానుకోండి అని ఆయన చెప్పలేదు. ఏ గుర్తును చూచి నమ్మాలో నేర్పించాడు.

యోహాను మూడవ పత్రిక మరింత స్పష్టం. కొత్త నిబంధనలో అతి చిన్న గ్రంథాలలో ఒకటైన దీనిలో గాయు, దియొత్రెఫే, దేమేత్రి అనే ముగ్గురు కనబడతారు. గాయు పరదేశులైన సహోదరులను ఆదరించాడు. ఆ సంగతి వారే వచ్చి సంఘమెదుట సాక్ష్యమిచ్చారు. దేమేత్రిని గూర్చి అందరూ మంచి సాక్ష్యమే చెప్పారు. దియొత్రెఫే మాత్రం పెత్తనం కోరి, వచ్చినవారిని చేర్చుకొనలేదు. మూలభాషలోని ‘మార్తురియా’, అనగా సాక్ష్యం, ఈ చిన్న పత్రికకు వెన్నెముక. చివరలో పెద్దవాడు సిరా, కలములతో వ్రాయుట చాలించి, త్వరలో ఎదురెదురుగా మాట్లాడగోరుతున్నానని తెలిపి, అక్కడి స్నేహితులను ఒక్కొక్కరిని పేరు పెట్టి పలకరించమంటాడు.

ఇందులో స్నేహానికి మూడు గుర్తులు కనబడుతున్నాయి. అది సాక్ష్యం కలది. అది ఎదురుపడడానికి వెనుకాడనిది. అది గుంపుగా కాక పేరు పెట్టి పిలిచేది. దూరం ఈ మూడింటిలో దేనినీ చెరపలేదు.

5. ‘ప్రేమలేఖ’: ఒక విమర్శ

ఇదే ప్రశ్నను మన ప్రజలు వెండితెర మీద కూడా చూచారు. అగత్తియన్ దర్శకత్వంలో అజిత్, దేవయాని నటించిన తమిళ చిత్రం ‘కాదల్ కోట్టై’ 1996లో వచ్చి ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ స్క్రీన్‌ప్లేలకు జాతీయ పురస్కారాలు పొందింది. తెలుగులోకి ‘ప్రేమలేఖ’గా అనువాదమై విశేషంగా ఆదరణ పొందింది. అంతర్జాలం మన పల్లెలకు రాకముందే, ఒకరినొకరు చూడనివారి మధ్య అనుబంధాన్ని ఈ చిత్రం కథావస్తువుగా తీసుకున్నది.

కథ తెలిసినదే. కథానాయిక పోగొట్టుకున్న సర్టిఫికెట్లు దూరాన జైపూర్‌లో ఉద్యోగం చేసే యువకునికి దొరుకుతాయి. అతడు వాటిని ఆమె చిరునామాకు పంపుతాడు. ఆమె కృతజ్ఞతతో ఉత్తరం వ్రాస్తుంది. ఉత్తరాలు పెరిగి ప్రేమగా మారుతాయి. తరువాత ఇద్దరూ మద్రాసులోనే ఉంటారు. అతడు ఆటో నడుపుతాడు. ఇద్దరూ ఎదురుపడతారు, మాట పట్టింపులకూ పోతారు, కాని ఒకరినొకరు గుర్తించరు. చివరకు రైల్వే స్టేషనులో ఆమె పంపిన వస్త్రమే గుర్తుగా అతనిని పోల్చుకుంటుంది.

ఈ చిత్రంలో రెండు బలాలున్నాయి. మొదటిది, స్నేహం ఒక క్రియతో మొదలైంది. ఎవరిదో సొత్తు లాభాపేక్ష లేకుండా తిరిగి పంపడమే ఆ యువకుని మొదటి మాట. మాటలకు ముందే సాక్ష్యం ఉన్నది. నేటి మోసపు స్నేహాలను దీనితో పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అవి తీపి మాటతో మొదలై అడగడంతో ముగుస్తాయి. ఇది ఇవ్వడంతో మొదలైంది. రెండవది, రైల్వే స్టేషను వరకు కథను నడిపించడంలో చిత్రం ఎదురుపడడాన్ని తప్పించుకోలేదు. ఉత్తరం ముఖం వైపే నడిచింది.

అయితే మా దృష్టిలో చిత్రం తాను తెరిచిన తలుపు గుండా తానే లోపలికి వెళ్లలేదు. కాగితం మీది మనిషిని ప్రాణంగా ప్రేమించిన ఆమె, కళ్లెదుటి ఆటో డ్రైవరును గుర్తించదు. ఇద్దరూ ఒక్కడే. దర్శకుడు దీనిని ఉత్కంఠ కోసం వాడుకున్నాడు. ప్రేక్షకుడు ‘అయ్యో, అతడే కదా’ అని తహతహలాడతాడు. నిజానికి అది ఉత్కంఠకు మించినది, ఒక తీర్పు. చూచిన సహోదరుని ప్రేమింపనివాడు చూడని దేవుని ప్రేమింపలేడని యోహాను మొదటి పత్రిక వాదిస్తుంది (4:20). దూరపు స్నేహితునికిచ్చే మర్యాదను ఎదుటనున్న ఆటో డ్రైవరుకు ఇవ్వలేకపోతే, ఆ దూరపు స్నేహంలో మనం ప్రేమించినది మనిషినా, మన ఊహనా? చిత్రం ఈ ప్రశ్న అడిగి ఉండవలసినది. గుర్తు దొరికిన తరువాత మాత్రమే అతడు ప్రియుడయ్యాడు, గుర్తు దొరకని ఆటోవాడు చివరివరకు ఎవడో ఒకడే.

6. ఒక ఆక్షేపణ: సాక్షి ఎవరు?

ఇంతవరకు సాక్షిని మేము మంచివానిగానే చూపించాము. దీనికి బలమైన ఆక్షేపణ ఉన్నది, దానిని దాటిపోరాదు. “ఎవరి కొడుకువు?” అనే ప్రశ్న అమాయకమైనది కాదు. ఇంటిపేరు చెబితే కులం తెలుస్తుంది. కులం తెలిశాక వరుస కలిపేవారూ ఉన్నారు, గ్లాసు వేరుగా పెట్టేవారూ ఉన్నారు. మాల, మాదిగ వాడలలో పుట్టి పెరిగిన మన విశ్వాసులలో అనేకులకు ఊరి సాక్ష్యం ఏనాడూ అనుకూలంగా లేదు. ఆడపిల్లకైతే ఊరు సాక్షిగా కాక కాపలాగా ఉన్నది. అటువంటివారికి ఎవరి బిడ్డవని అడగని చోట మొదటిసారి మనిషిగా మాట్లాడగలగడం చిన్న విషయం కాదు. అంతర్జాలంలో వారికి దొరికినది మాయ అని కొట్టివేయడం అన్యాయం.

ఈ ఆక్షేపణను మేము అంగీకరిస్తున్నాము. అయితే మూడవ యోహాను పత్రికలోని సాక్ష్యం ఈ రకమైనది కాదు. గాయు ఎవరి కుమారుడో, ఏ వంశమో ఆ పత్రికలో ఒక్క మాట లేదు. అతడు పరదేశులకు ఏమి చేశాడన్నదే సాక్ష్యం. పుట్టుకకు సాక్ష్యం చెప్పే ఊరు వేరు, క్రియకు సాక్ష్యం చెప్పే సంఘం వేరు. “ఎవరి కొడుకువు?” అన్న ప్రశ్న స్థానంలో “ఎవరికి ఏమి చేశావు?” అన్న ప్రశ్న రావాలి. అంతర్జాలంలో పరిచయమైనవారిని అడగవలసినదీ ఇదే, సంఘంలో మన పక్కన కూర్చున్నవారిని అడగవలసినదీ ఇదే.

7. ఆవలి వైపున ఎవరు?

సాక్షి లేని స్నేహం ఎక్కడికి చేరుతుందో ఇటీవలి సంఘటనలు చూపించాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా, మయన్మార్ వెళ్లిన మన యువకులను గదులలో నిర్బంధించి, దొంగ పేర్లతో, తరచు అమ్మాయిల ఫొటోలతో, తెలియనివారితో స్నేహం నటించి డబ్బు గుంజే పనిలో పెట్టారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇటువంటి ఏజెంట్లను అరెస్టు చేశారు. అదే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుండి తప్పించిన 500కు పైగా భారతీయులను థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుండి విమానాలలో తెచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఈ స్థితిలో ఉండవచ్చునని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో తెలిపింది.

కాబట్టి తొర్రూరులో రాత్రి పది గంటలకు ఒక యువకుని ఫోనుకు “హాయ్” అని వచ్చినప్పుడు, ఆవలి వైపున ఉన్నది అందమైన అమ్మాయి కాకపోవచ్చును. వట్టి దొంగ కూడా కాకపోవచ్చును. పాసుపోర్టు పోగొట్టుకుని, దెబ్బలకు భయపడి టైపు చేస్తున్న మరొక యువకుడు కావచ్చును. అతడు మన భాష మాట్లాడేవాడే కావచ్చును. ‘ప్రేమలేఖ’లో ప్రేమించిన మనిషి గుర్తించబడని ఆటో డ్రైవరుగా ఎదురైతే, ఇక్కడ స్నేహితుని వేషం వెనుక బందీ ఉన్నాడు. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగిన ప్రశ్నకు (లూకా 10:29) ఇంత చిక్కైన సందర్భం ఆ కాలపు బోధకులు ఊహించి ఉండరు.

మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవచ్చును. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. అయితే చాలామంది తొందరగా ఎందుకు చెప్పరు? ఇక్కడే మా విమర్శ మనవైపు తిరుగుతుంది. ముఖమెరుగని స్నేహమంతా పాపమని ప్రసంగం విన్న అమ్మాయి, తన ఫొటోతో ఎవడో బెదిరిస్తున్నాడని కాపరి అమ్మగారితో చెప్పగలదా? “నువ్వెందుకు మాట్లాడినవ్?” అన్న మాటే మొదట వస్తుందని ఆమెకు తెలుసు. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఆన్‌లైన్ స్నేహితుని సంగతి ఆ యువకుడు సంఘ పెద్దతో ముందుగా చెప్పి ఉంటే, ‘అతడెవరు, ఎవరిని పంపించాడు, వెళ్లినవారితో మాట్లాడావా?’ అని అడిగే ఒక్క మనిషి అతనికి దొరికేవాడు. మన ఖండన వలన ఆ స్నేహాలు ఆగలేదు. రహస్యమయ్యాయి. రహస్యమైనచోట సాక్షి లేడు.

8. ముగింపు

మేము పరిశీలించిన మూడు ఆధారాలు ఒకే తీర్పుకు చేరుస్తున్నాయి. ఒకే ఆవరణలో ఉన్నవారి మధ్య స్నేహం లేకపోవచ్చునని అజరయ్య చూపించారు. ముఖం చూడనివారి మధ్య అది నిలువగలదని పత్రికలు చూపించాయి. క్రియతో మొదలై ముఖం వైపు నడిచేది నిలుస్తుందని, ఎదుటివానిని చూడని స్నేహం అసంపూర్ణమని ‘ప్రేమలేఖ’ తెలిసీ తెలియకా చూపించింది. కాబట్టి ‘చూచావా?’ అన్నది సరియైన ప్రశ్న కాదు. ‘అతనిని గూర్చి ఎవరు సాక్ష్యమిస్తారు? అతడు ఎదురుపడడానికి ఒప్పుకుంటాడా? నీ నుండి అడుగుతున్నది ఏమిటి? నీకు ఇచ్చినది ఏమిటి?’ అన్నవి సరియైన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలను యౌవనస్థులు ఒంటరిగా వేసుకోలేరు. వారితో కలిసి వేయడానికి ఫీబే వంటివారు, తుకికు వంటివారు సంఘంలో ఉండాలి. అంటే ఫోనులు తనిఖీ చేసేవారు అని కాదు. మిషనరీల వద్ద అజరయ్య అడిగినది పర్యవేక్షకులను కాదు. నేడు మన సంఘాలలోని పిల్లలు మనవద్ద అడుగుతున్నదీ అదే, నోరు తెరిచి అడగకపోయినా. తొర్రూరు వంటి పట్టణంలో ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తున్నప్పుడు, కాపరి గుంపుకంతటికీ ఒకేసారి చేతులెత్తి నమస్కరించి వెళ్లిపోకుండా, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, “ఏం బిడ్డా, ఈ వారం ఎవరితో మాట్లాడినవ్?” అని నిందలేని గొంతుతో అడగగలిగితే, వారిలో ఒకరైనా నిజం చెబుతారు. సాక్ష్యం అక్కడ మొదలవుతుంది.